చూపుకూ గడువుంది

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో కంటి పరీక్ష జరిగే రోజున వరండాలో కాసేపు నిలబడి చూడండి. గోడకు ఒక చార్టు వేలాడుతుంటుంది. దాని మీద అచ్చులూ హల్లులూ ఉండవు. ఇంగ్లిషు 'ఈ' అక్షరం ఒక్కటే, ఒకచోట కాళ్లు పైకి, ఒకచోట కిందికి, ఇంకోచోట పక్కకు తిరిగి ఉంటుంది. ఆ కాళ్లు ఎటున్నాయో పిల్ల చేత్తో చూపిస్తే చాలు. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లకైనా, కొలామీ మాట్లాడే పిల్లకైనా, ఇంకా ఓనమాలు దిద్దని పిల్లకైనా ఇదే చార్టు సరిపోతుంది. నేల మీద ఆరు మీటర్ల దూరాన సుద్దముక్కతో గీత గీస్తారు. కన్ను మూసుకోమంటే పిల్లలు వేళ్లు అడ్డం పెట్టుకుని సందుల్లోంచి చూసేస్తారు, అందుకే అరచెయ్యి వంచి కంటి మీద ఆనించమంటారు. వరుసలో వెనక నిలబడ్డవాడు ముందువాడి జవాబులు విని బట్టీ పట్టేస్తాడు. అనుభవం ఉన్న టీచరమ్మ మధ్యమధ్యలో చార్టును తలకిందులు చేస్తుంది.

ఇలాంటి వరుసల్లో ఒక్కోసారి ఒక పిల్ల ఆగిపోతుంది. కుడికంటితో గడగడా చూపించిన పిల్లే, ఎడమకంటికి వచ్చేసరికి రెండో వరుస దగ్గర చెయ్యి ఎటు తిప్పాలో తోచక నిలబడుతుంది. "ఎప్పటిసంది కనిపిస్తలేదు బిడ్డా?" అని అడిగితే జవాబుండదు. ఆ కంటికి ఏనాడూ సరిగా కనిపించలేదు, కనిపించడమంటే ఎలా ఉంటుందో ఆ కంటికి తెలియదు. రెండో కన్ను పని నడిపిస్తున్నంత కాలం ఆ పిల్లకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ అనుమానం రాదు. బువ్వ తింటుంది, ఆడుతుంది, మేకల వెంట గుట్టెక్కి దిగుతుంది. పెద్దవాళ్లు చూపు తగ్గితే చెప్పుకుంటారు. పిల్లలు చెప్పరు.

ఇంకో తేడా కూడా ఉంది, అది మరింత ముఖ్యం. అరవై ఏళ్ల తాతకు మోతిబిందు (శుక్లం) వస్తే ఆపరేషన్ ఈ ఏడు కాకుంటే పత్తి అమ్మినాక వచ్చే ఏడు చేయించుకోవచ్చు. ఆలస్యమైనా చాలావరకు చూపు తిరిగొస్తుంది. పిల్లల కంటికి ఆ వెసులుబాటు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే చూపు ఎక్కడ తయారవుతుందో తెలియాలి.

పుట్టినప్పుడు బిడ్డ కంటి గుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యేసరికి 24కు చేరుతుంది. కన్ను ఇలా పెరుగుతుండగానే దాని వెనక మెదడు చూడటం నేర్చుకుంటుంది. నల్లగుడ్డులోంచి లోపలికి వెళ్లిన వెలుతురు వెనకున్న రెటీనా పొర మీద బొమ్మగా పడుతుంది, అక్కడి నుంచి నరం ఆ సంకేతాలను తల వెనక భాగంలో ఉన్న చూపు కేంద్రానికి మోసుకుపోతుంది. ఇది అమ్మ ముఖం, ఇది ఆవు, ఇది దూరం, ఇది దగ్గర అని తేల్చేది ఆ కేంద్రమే. పుట్టగానే దానికి ఆ పని రాదు. రెండు కండ్ల నుంచీ స్పష్టమైన బొమ్మలు అందుతూ ఉంటే నెలల్లో, ఏళ్లలో నేర్చుకుంటుంది. అందకపోతే నేర్చుకోదు.

దీన్ని తేల్చి చెప్పినవాళ్లు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టన్ వీజెల్. 1960లలో వాళ్లు పిల్లికూనల ఒక కనురెప్పను కుట్టి మూసి, కొన్ని నెలల తర్వాత విప్పారు. కంటిలో ఏ లోపమూ లేదు, కానీ ఆ కన్ను ఏమీ చూడలేకపోయింది. మెదడులో దానికి చెందాల్సిన కణాలన్నీ రెండో కంటికి పనిచేయడం మొదలుపెట్టాయి. ఎదిగిన పిల్లికి అంతే కాలం కన్ను మూసి ఉంచినా ఏమీ కాలేదు. ఈ పరిశోధనకు వాళ్లకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. పిల్లికూనల మీద ఆ ప్రయోగం తలచుకుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది కానీ, ఈనాడు ప్రపంచమంతటా కంటి డాక్టర్లు పసిపిల్లల విషయంలో తొందరపడుతున్నారంటే ఆధారం అదే.

మన దగ్గర శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఒక తూము రెండేళ్లు మూసుకుపోతే దాని కింది పిల్లకాలువ పూడిపోతుంది, రైతు పక్క తూము నీళ్లకు అలవాటు పడతాడు, ఆ తర్వాత తూము బాగుచేసి నీళ్లు వదిలినా పారవు. పిల్లల కంటిలో ఇలా జరిగితే దాన్ని సోమరి కన్ను అంటారు, డాక్టర్లు ఆంబ్లియోపియా అంటారు. నూటికి ఇద్దరు పిల్లల దాకా ఇది ఉండొచ్చని అంచనా. తూము మూసుకోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. మెల్లకన్ను ఒకటి. రెండు కండ్ల సైటు మధ్య పెద్ద తేడా ఉండటం ఇంకొకటి, బయటికి ఏమీ కనిపించదు కాబట్టి ఇది అన్నిటికన్నా దొంగది. రెప్ప వాలిపోయి నల్లగుడ్డును కప్పేయడం, పుట్టుకతో శుక్లం ఉండటం కూడా కారణాలే.

మెల్లకన్ను దగ్గర కొంచెం ఆగాలి. మెల్లకన్ను అదృష్టమని మన ఊళ్లల్లో ఇప్పటికీ నమ్మకం. పుట్టిన బిడ్డకు కండ్లు అప్పుడప్పుడూ పక్కకు జారడం మూడు నాలుగు నెలల దాకా మామూలే. ఆ తర్వాత కూడా ఒక కన్ను లోపలికో బయటికో తిరిగి ఉంటే అక్కడ అదృష్టమేమీ లేదు. రెండు కండ్లు రెండు వైపులు చూస్తే మెదడుకు రెండు బొమ్మలు అందుతాయి. పసి మెదడు ఆ గందరగోళం భరించలేక ఒకదాన్ని వదిలేస్తుంది. వదిలేసిన కన్ను క్రమంగా చూపు కోల్పోతుంది. పెద్దయ్యాక పెండ్లి ముందర ఆపరేషన్ చేయించి కన్ను నిలబెట్టుకుంటే ముఖం బాగుంటుంది, చూపు మాత్రం రాదు. మెల్లకన్నుకు ఆపరేషన్ ఒక్కటే దారి కూడా కాదు. ప్లస్ సైటు ఎక్కువగా ఉన్న పిల్లలు దగ్గరి వస్తువును చూడటానికి కంటిని బలవంతం చేస్తారు, ఆ బలవంతంలో కన్ను లోపలికి తిరుగుతుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి సరైన అద్దాలు పెడితే కన్ను దానంతటదే నిలబడుతుంది.

సోమరి కంటికి వైద్యం చెప్పుకోవడానికి చాలా సులువు, చేయించడం కష్టం. ముందు అద్దాలు ఇస్తారు. అవి చాలకపోతే మంచి కంటికి పట్టీ వేస్తారు. మూసిన కన్ను మంచిది, తెరిచి ఉంచింది గుడ్డిది. పిల్ల ఏడుస్తుంది, పీకేస్తుంది. "మంచిగున్న కన్ను మూసుడేంది?" అని అవ్వ కోపం చేస్తుంది. మధ్యరకం లోపానికి రోజుకు రెండు గంటల పట్టీ, ఆరు గంటల పట్టీ దాదాపు సమానంగా పనిచేస్తాయని 2003లో అమెరికాలో జరిగిన పరీక్షల్లో తేలింది. కాబట్టి రోజంతా పిల్లను బాధపెట్టనక్కర్లేదు. ఆ రెండు గంటలూ బొమ్మలకు రంగులు వేయించడం, పల్లికాయలు ఒలిపించడం, దగ్గరగా చూసే పని ఏదైనా పెట్టడం మంచిది. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలకు కూడా కొంత లాభం ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి కాబట్టి ఆలస్యమైందని వదిలేయడం కూడా తప్పే. పుట్టుశుక్లాలతో ఏళ్ల తరబడి చీకట్లో ఉండి, ఎనిమిదేళ్లు దాటాక ఆపరేషన్ అయిన పిల్లలను పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త బృందం మన ఉత్తరాదిలో పరీక్షించింది. అప్పటిదాకా చేత్తో తడిమి గుర్తుపట్టిన వస్తువును కట్టు విప్పాక చూసి గుర్తుపట్టలేకపోయారు. కొద్ది రోజులకే నేర్చుకున్నారు, అయితే మిగతా పిల్లలంత సూక్ష్మమైన చూపు వాళ్లకు రాలేదు.

ఇక అందరికీ తెలిసిన 'సైటు'. కంటి గుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడుగైతే దూరపు బొమ్మ రెటీనాకు ముందే ఏర్పడుతుంది, బోర్డు మసకబారుతుంది. ఇది మైనస్ సైటు. గుడ్డు పొట్టిగా ఉంటే ప్లస్. నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఒంపు అన్నివైపులా సమంగా లేకపోతే అడ్డసైటు, అక్షరాలు ఒకవైపు సాగినట్టు కనిపిస్తాయి. ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే రెండున్నర నుంచి మూడు పాయింట్ల సైటు వస్తుందంటే, ఆ కొలతల్లో ప్రకృతి ఎంత ఖచ్చితంగా ఉండాలో ఊహించండి.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. 1996 అక్టోబరు నుంచి 2000 ఫిబ్రవరి దాకా హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద కంటి సర్వే చేసింది. హైదరాబాదు నగరంతో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరి జిల్లాల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా 10,293 మందిని పరీక్షించారు. భారతదేశంలో కంటి జబ్బుల గురించి మాట్లాడే ప్రతి శాస్త్రవేత్తా ఇప్పటికీ ఆ సర్వేను తలుచుకుంటాడు. పిల్లల వరకు చూస్తే అందులో గుచ్చుకునే మాట ఒకటుంది. ఆ సర్వే లెక్కలనూ, మహబూబ్‌నగర్ పల్లె పిల్లల మీద జరిగిన మరో అధ్యయనాన్నీ కలిపి చూసినప్పుడు, అంధులుగా లెక్కకు వచ్చిన పిల్లల్లో మూడో వంతు మందికి అసలు కారణం అద్దాలతో పోయే సైటే. ఆపరేషన్ అక్కర్లేదు, మందులు అక్కర్లేదు, ఒక జత అద్దాలు లేక గుడ్డివాళ్ల లెక్కలో చేరారు.

అద్దాలు ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. పుణె జిల్లా బడుల్లో అద్దాలు పంచిన కొన్నాళ్లకు వెళ్లి చూస్తే మూడో వంతు పిల్లలు కూడా వాటిని పెట్టుకుని కనిపించలేదు. మన దగ్గర కారణాలు వేరే ఊహించనక్కర్లేదు. తోటిపిల్లలు 'సోడాబుడ్డి' అని ఏడిపిస్తారు. పెట్టుకుంటే నంబరు పెరుగుతుందని భయం. ఆడపిల్ల అయితే, "ఇప్పటిసందే అద్దాలు పెడితె రేపు పెండ్లెట్లయితది సారూ" అని తల్లి అడుగుతుంది. అద్దాల వల్ల సైటు పెరగదు. పెరిగే వయసులో కన్ను పెరుగుతుంది కాబట్టి నంబరు పెరుగుతుంది, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా పెరుగుతుంది. తక్కువ నంబరు అద్దాలు ఇస్తే కన్ను బాగుపడుతుందన్నదీ ఒట్టిమాట, మలేసియాలో అలా చేసి చూస్తే సైటు ఇంకా వేగంగా పెరిగింది. చైనా పల్లెల్లో ఉచితంగా అద్దాలు అందుకున్న పిల్లలకు ఒక్క విద్యాసంవత్సరంలో లెక్కల మార్కులు మెరుగుపడ్డాయి. మనవాడు లెక్కల్లో మొద్దు అని తీర్మానించే ముందు వాడికి బోర్డు కనిపిస్తుందో లేదో చూడటం న్యాయం.

మైనస్ సైటు ప్రపంచమంతటా పెరుగుతోంది. పాతికేళ్ల కిందటి మహబూబ్‌నగర్ అధ్యయనంలో ఏడు నుంచి పదిహేనేళ్ల పల్లె పిల్లల్లో అది నూటికి నలుగురికి ఉంది, దాదాపు అదే కాలంలో ఢిల్లీలో నూటికి ఏడుగురికి పైగా. తూర్పు ఆసియా నగరాల్లో బడి చదువు ముగిసేసరికి ఎక్కువమంది అద్దాల్లోనే ఉంటున్నారు. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, నిజమే. కానీ ఒక్క తరంలో ఇంత పెరగడానికి వంశమే కారణం కాలేదు. పిల్లలు బయట వెలుతురులో గడిపే సమయం తగ్గడం పెద్ద కారణమని ఇప్పుడు బలమైన ఆధారాలున్నాయి. ఆరుబయట వెలుతురుకు రెటీనాలో డోపమిన్ విడుదలై కంటి గుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట ఆటలు పెట్టారు. మూడేళ్ల తర్వాత మామూలు బడుల్లో నూటికి దాదాపు 40 మందికి కొత్తగా సైటు వస్తే, ఈ బడుల్లో 30 మందికే వచ్చింది. తైవాన్ 2010 నుంచి రోజుకు రెండు గంటలు బయట అన్నది ప్రభుత్వ విధానంగానే పెట్టుకుంది.

మన దగ్గర పరిస్థితి చూడండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు తల్లి బీడీలు చుట్టేటప్పుడు పిల్ల ఏడవకుండా చేతిలో ఫోను. బాపు దుబాయిలో ఉంటే ముచ్చట కూడా ఫోన్లోనే. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు మనకు లేదు, రోజుకు ఇన్ని కట్టలు కడితేనే ఇల్లు గడిచేది. తప్పుపట్టాల్సింది ఆటల పీరియడ్‌ను లెక్కల సారుకు అప్పగించే బడులను, వాకిలి కూడా లేని బిల్డింగుల్లో నడిచే ప్రైవేటు స్కూళ్లను. ఎండలు ముదరని నెలల్లో, పొద్దున, సాయంత్రం పిల్లలను బయటికి వదలడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు.

ఎండల మాట వచ్చింది కాబట్టి మన ప్రాంతానికి బాగా దగ్గరి జబ్బు ఒకటి చెప్పాలి. చైత్రం దాటిందంటే రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీలకు ఎగబాకుతుంది, వేడిగాలి, దుమ్ము. అప్పుడు ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, పిడికిళ్లతో కండ్లు నలుపుకుంటూ కనిపిస్తారు. కండ్లు ఎర్రబడతాయి, దారంలా సాగే పుసి వస్తుంది, వెలుతురు చూడలేరు. తెల్లగుడ్డు కొంచెం మట్టిరంగుకు తిరుగుతుంది. పై రెప్ప తిప్పి చూస్తే లోపల రాళ్లు పేర్చినట్టు బొడిపెలు. ఇది కండ్లకలక కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఇది అలర్జీ, దీని పేరు వర్నల్ కంజంక్టివైటిస్. ఏటా ఎండాకాలం వస్తుంది, మన లాంటి వేడి ప్రాంతాల్లో కొందరికి ఏడాదంతా ఉంటుంది, యుక్తవయసు దాటాక చాలామందికి తగ్గిపోతుంది. తగ్గేదే కదా అని ఊరుకోవడానికి లేదు. అదేపనిగా నలిపితే నల్లగుడ్డు మీది పొర పలచబడి కోసుగా పొడుచుకువస్తుంది, అప్పుడు అద్దాలతో కూడా చూపు సరిపడదు.

ఇక్కడ జబ్బుకన్నా దానికి మనం చేసే వైద్యం ఎక్కువ భయపెడుతుంది. దురద అనగానే మెడికల్ షాపులో అడిగితే ఒక చుక్కల మందు ఇస్తారు, ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా అదే రాస్తాడు. వేసిన కొద్ది కాలానికే దురద పోతుంది, ఎరుపు పోతుంది. అద్భుతమైన మందు అనుకుని ప్రతి ఎండాకాలం అదే తెచ్చుకుంటారు. ఆ డబ్బా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు పర్యవేక్షణలో కొద్దిరోజులు వాడితే అది మంచి మందే, ఒక్కోసారి తప్పనిసరి కూడా. నెలల తరబడి సొంతంగా వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది, దాన్ని నీటికాసులు అంటాం. నొప్పి ఉండదు, పిల్లవాడికి తెలియదు, పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగిరాదు. పన్నెండేళ్లకే శుక్లాలు కూడా రావచ్చు. చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ కండ్ల మీద వేసి ఉంచడం, బయటికి వెళ్లేటప్పుడు టోపీ, నల్లద్దాలు, డాక్టరు రాసిన స్టెరాయిడ్ లేని అలర్జీ చుక్కలు, వీటితో చాలామందికి ఎండాకాలం గడిచిపోతుంది. ఇంట్లో ఉన్న చుక్కల మందు డబ్బా మీద పేరు ఇంగ్లిషులో ఉంటుంది, తొమ్మిదో తరగతి చదివే పిల్ల చేతికిచ్చి చదివించుకోవచ్చు.

చుక్కల మందు కాకపోతే పసరు. కండ్లు వచ్చాయని ఆకు పసరు, చనుబాలు, ఆముదం పోయడం పల్లెల్లో ఇంకా ఉంది. నల్లగుడ్డు మీద గీత పడ్డ కంటిలో పసరు పోస్తే దానితోపాటు క్రిములు చేరి పుండు పడుతుంది, మానినా తెల్లటి పువ్వు మిగులుతుంది. పసిబిడ్డ కంట్లోంచి ఎప్పుడూ నీళ్లు కారుతుంటే అది చాలాసార్లు కంటి నుంచి ముక్కులోకి దిగే సన్నటి గొట్టం తెరుచుకోకపోవడం వల్ల. కంటి లోపలి మూల నుంచి ముక్కు పక్కగా కిందికి వేలితో మెల్లగా ఒత్తుతూ రోజుకు కొన్నిసార్లు రాస్తే ఏడాది నిండేలోపు ఎక్కువమందికి దానంతటదే తెరుచుకుంటుంది. చనుబాలు కడుపులోకి, కంట్లోకి కాదు.

ఒక లక్షణం విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. నల్లగుడ్డు నడుమ నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మెరవడం. చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్టుందని తల్లులే చెప్తారు, ఫోన్ ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడినా అదే సంగతి. అది శుక్లం కావచ్చు. బిడ్డకు పుట్టుకతో శుక్లం ఉంటే మొదటి రెండు మూడు నెలల్లోనే ఆపరేషన్ జరగాలి, ఆ తర్వాత అద్దాలు, పట్టీ ఏళ్లపాటు సాగాలి. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఊరికి తీసుకుపోయి మళ్లీ రాకపోతే కన్ను శుభ్రంగా ఉంటుంది, చూపు రాదు. గర్భం మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు ఇలాంటి శుక్లాలు రావచ్చు. దానికి అడ్డుకట్టగా తట్టు, రుబెల్లా కలిపిన టీకా 2017 ఆగస్టులో తెలంగాణలో మొదలైంది. ఆ తెల్లటి మెరుపు రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కూడా కావచ్చు. పదిహేను పద్దెనిమిది వేల మంది పిల్లల్లో ఒకరికి, ఎక్కువగా ఐదేళ్లలోపు వస్తుంది. కంటిలో ఉండగానే పట్టుకుంటే చాలామంది పిల్లలు బతుకుతారు, ఎందరికో కన్ను కూడా దక్కుతుంది. కన్ను దాటి పాకితే ప్రాణానికే ముప్పు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలది ఇంకో గడువు. రెటీనాకు రక్తం అందించే నాళాలు తొమ్మిదో నెల దాకా పెరుగుతూ ఉంటాయి. ముందే పుట్టిన బిడ్డలో అవి దారితప్పి పెరిగి రెటీనాను ఊడదీస్తాయి. 1940లు, 50లలో అమెరికాలో ఇంక్యుబేటర్లలో మోతాదుకు మించి ఆక్సిజన్ ఇవ్వడం వల్ల వేలమంది పసివాళ్లు చూపు కోల్పోయారు. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వాళ్లలో ఒకరు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో కూడా నవజాత శిశు విభాగాలు వచ్చాయి, ఒకప్పుడు బతకని బిడ్డలు బతుకుతున్నారు, కాబట్టి ఈ జబ్బు మన ముంగిటికి వచ్చింది. 34 వారాలలోపు పుట్టిన, లేదా రెండు కిలోలకన్నా తక్కువ బరువున్న బిడ్డకు ముప్పై రోజులలోపు రెటీనా పరీక్ష జరిగి తీరాలి, మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. అవసరమైతే లేజర్ చేసి ఆపుతారు. బిడ్డ బరువు పెరుగుతోంది, డిశ్చార్జి చేశారు, ఊరికి వెళ్లిపోయారు, నెల దాటింది. ఇలాగే జరిగిపోతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, బాలింత అంత దూరం వెళ్లడానికి వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు. డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాయించుకోవడం ఒక్కటే తండ్రి చేయగలిగిన పని, అది చేయాలి.

విటమిన్ 'ఎ' లోపం సంగతి ఒకప్పుడు ఈ వ్యాసంలో మొదట రావాల్సింది. ఇప్పుడు వెనక్కి పోయిందంటే అది మన విజయమే, అందులో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాటా పెద్దది. ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు ఇస్తే కాలేయం దాన్ని దాచుకుని వాడుకుంటుందని అక్కడి పరిశోధనలు చూపించాక, 1970లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలైంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి రెండు లక్షలు. పొద్దుగూకినాక పిల్ల తడుముకుంటూ నడిస్తే, తెల్లగుడ్డు మీద నురుగు లాంటి మచ్చ కనిపిస్తే ఇప్పటికీ అనుమానించాల్సింది దీన్నే. అంగన్‌వాడీ గుడ్డు, మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు దీనికి మందులు.

దెబ్బల గురించి రెండే మాటలు. చిర్రగోనె, విల్లుబాణాలు, దీపావళి టపాకులు, పత్తికట్టె. కన్నుకు ఏది గుచ్చుకున్నా పీకకూడదు, నలపకూడదు, శుభ్రమైన కప్పు ఒకటి అడ్డంగా కట్టి ఆసుపత్రికి పోవాలి. సున్నం పడితే మాత్రం ముందు ఇంట్లోనే ధారగా నీళ్లతో పావుగంటకు తక్కువ కాకుండా కడిగి తర్వాత బయలుదేరాలి.

ఆసుపత్రి ఎక్కడ అన్న ప్రశ్నకు మన ప్రాంతంలో జవాబు ఒకప్పటికన్నా మెరుగ్గా ఉంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ హైదరాబాదు దాటి మొదటిసారి అడుగుపెట్టింది ఎక్కడో పెద్ద పట్టణంలో కాదు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో, 1996లో. ఐదు లక్షల జనాభాకు ఒక గ్రామీణ ఆసుపత్రి, యాభై వేలమందికి ఒక విజన్ సెంటరు, అందులో ఆ చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులే శిక్షణ పొంది కూర్చోవడం అనే పద్ధతి ముధోల్ లాంటి చోట్లే రూపుదిద్దుకుంది. కరీంనగర్ పక్కన రేకుర్తిలో లయన్స్ కంటి ఆసుపత్రి ఉంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి ఉంది. 2018 ఆగస్టు 15న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటివెలుగు శిబిరాల్లో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు రావాలి.

అయినా సందు ఒకటి మిగిలిపోయింది. బడిలో పరీక్ష జరిగేసరికి పిల్ల ఆరేడేళ్లది, సోమరి కంటికి మంచి కాలం సగం అయిపోయింది. కంటికి నిజంగా అక్కరకొచ్చే వయసు మూడు నుంచి ఐదేళ్లు. ఆ వయసులో మన ఉత్తర తెలంగాణ తల్లిదండ్రులు పిల్లలను తప్పకుండా తీసుకుపోయే చోటు ఒకటుంది. వసంత పంచమి నాడు బాసరలో అక్షరాభ్యాసానికి నిలబడే వరుస చూడండి, పలక పట్టుకుని అందరూ సరిగ్గా ఆ వయసు పిల్లలే. ఆ బాసరకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ముధోల్ కంటి ఆసుపత్రి ఉంది.

తల్లిదండ్రులకు నా మనవి ఇంతే. పలక కొన్న వారంలోనే బిడ్డకు రెండు కండ్లూ విడివిడిగా పరీక్ష చేయించండి. చుక్కలు వేసి నల్లగుడ్డు పెద్దదిచేసి చూడమని అడగండి, చిన్నపిల్లల సైటు అలాగే తేలుతుంది. ఇంట్లో ఎవరికైనా మెల్లకన్నో పెద్ద నంబరో ఉంటే, తల్లిదండ్రులది మేనరికం అయితే, బిడ్డ నెలలు నిండక పుట్టి ఉంటే మూడేళ్లదాకా కూడా ఆగవద్దు. ఆలయం వాళ్లూ, ఆసుపత్రుల వాళ్లూ, జిల్లా అధికారులూ కలిసి కూర్చుంటే అక్షరాభ్యాసం వరుస పక్కనే ఒక బల్ల, ఒక చార్టు, శిక్షణ పొందిన ఇద్దరు మనుషులను పెట్టడం పెద్ద ఖర్చు కాదు. వచ్చే వసంత పంచమికి ఇంకా సమయం ఉంది.